పార్లమెంటులో ఒక రోజు: విశాఖలో మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే డౌట్లు

పార్లమెంటు సెషన్ మొదలైందంటే నన్ను అవే డౌట్లు మళ్ళీ అడుగుతుంటారు. ద్వారకానగర్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు, పొద్దున్నే బీచ్ రోడ్డులో కలిసే స్టీల్ ప్లాంట్ రిటైర్డ్ వాళ్ళు, మా గాజువాక అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు, అందరూ అడిగేవి దాదాపు ఇవే. అందుకే ఒక చోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే దానికి వెళ్ళిపోండి, ఒకటి చదవకపోతే ఇంకోటి అర్థం కాదనేం లేదు.

నాకు దీని మీద ఇంత పట్టింపు ఎందుకంటే మన ఊరి పెద్ద విషయాలు, అంటే ఉక్కు ఫ్యాక్టరీ, పోర్టు, రైల్వే జోన్, ఇవన్నీ ఢిల్లీ చేతిలో ఉన్నవే. టీవీలో కనిపించే గోల ఒకటి, అక్కడ రాతలో నడిచే పని ఇంకోటి. ఆ రెండోదే మనకి ఎక్కువ అవసరం, దాన్నే ఎవరూ చూడట్లేదు.

## సభ మొదలవ్వకముందు

పార్లమెంటు ఏడాది పొడుగునా నడుస్తుందా?

లేదు. మామూలుగా మూడు సెషన్లు. జనవరి చివర్లో మొదలై మధ్యలో కొన్నాళ్ళు సెలవిచ్చి ఏప్రిల్ దాకా వెళ్ళే బడ్జెట్ సమావేశాలు, జులై ఆగస్టుల్లో వర్షాకాలం, నవంబర్ డిసెంబర్లలో శీతాకాలం. మూడు ఉండాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు, ఒక సెషన్‌కి ఇంకో సెషన్‌కి మధ్య ఆరు నెలలు దాటకూడదని మాత్రమే 85వ అధికరణంలో ఉంది.

ఈ రోజు సభలో ఏం జరగాలో ఎవరు డిసైడ్ చేస్తారు?

ప్రభుత్వం ఏ బిల్లులు తేవాలనుకుంటుందో చెప్తుంది, దేనికి ఎన్ని గంటలు ఇవ్వాలో బిజినెస్ అడ్వైజరీ కమిటీ చూస్తుంది. లోక్‌సభలో దానికి స్పీకరే అధ్యక్షుడు, అన్ని పెద్ద పార్టీల వాళ్ళూ ఉంటారు. ఆ రోజు జరగాల్సిన పనులన్నీ వరుసగా వేసి ఒక జాబితా ముందే పెడతారు, దాన్ని లిస్ట్ ఆఫ్ బిజినెస్ అంటారు. ఎవరైనా సరే పార్లమెంటు వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. పొద్దున్నే అది ఒక్కసారి చదివి టీవీ ముందు కూర్చోండి, సగం గందరగోళం పోతుంది.

ఎంపీలు అటెండెన్స్ వేసుకోవాలా? వేసుకోకపోతే?

వేసుకోవాలి. హాజరు వేసుకున్న రోజుకే రోజువారీ భత్యం వస్తుంది, ఇప్పుడది 2,500 రూపాయలు. నెల జీతం 1,24,000, అది వేరే. మంత్రులు ఈ హాజరు వేసుకోరు కాబట్టి హాజరు జాబితాలో వాళ్ళ పేరు లేదని రాలేదనుకోకండి. ఇంకోటి, హాజరు వేసుకున్నాడంటే ఆ రోజంతా సభలో కూర్చున్నాడని కాదు. ఎవరో ఎంపీకి 95 శాతం హాజరు అని పోస్టు చూస్తే దానితో పాటు ఎన్ని ప్రశ్నలు వేశాడు, ఎన్ని చర్చల్లో మాట్లాడాడు అని కూడా చూడండి.

## ఉదయం 11 గంటలకి

టీవీ పెట్టగానే మొదటి గంట ఏం జరుగుతుంటుంది? ఒక సభలో ఒకటి, ఇంకో సభలో ఒకటి చూపిస్తున్నారేంటి?

రెండు సభలూ 11కే మొదలవుతాయి కానీ వరుస వేరు. లోక్‌సభలో 11 నుంచి 12 దాకా ప్రశ్నోత్తరాలు, తర్వాత జీరో అవర్, అంటే సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే టైమ్. రాజ్యసభలో 2014 చివర నుంచి ఇది తిరగేశారు, ముందు జీరో అవర్ లాంటివి కానిచ్చేసి 12 నుంచి 1 దాకా ప్రశ్నోత్తరాలు పెడుతున్నారు. ఎవరైనా ప్రస్తుత సభ్యుడో మాజీ సభ్యుడో చనిపోతే వీటికన్నా ముందు సంతాపం ఉంటుంది. రాష్ట్రపతి ప్రసంగం ఉన్న రోజున, బడ్జెట్ పెట్టే రోజున ప్రశ్నోత్తరాలు ఉండవు.

స్టార్ ప్రశ్న అంటే ఏంటి? స్టార్ లేనిది పనికిరాని ప్రశ్నా?

స్టార్ ఉంటే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. స్టార్ లేకపోతే జవాబు రాసి ఇస్తారు, అంతే. లోక్‌సభలో రోజుకి 20 స్టార్ ప్రశ్నలు, 230 స్టార్ లేనివి. రాజ్యసభలో 15, 160. వందల నోటీసులు వస్తాయి కాబట్టి ఎవరిది ముందు అన్నది లాటరీ తీసి తేలుస్తారు.

20 స్టార్ ప్రశ్నలున్నా గంటలో అయిదారు దాటి ముందుకెళ్ళడం అరుదు, మిగతా వాటికి కూడా రాసిన జవాబే వస్తుంది. 2019 నవంబర్ 27న లోక్‌సభలో 20కి 20 పూర్తయ్యాయి, అలా జరగడం 1972 తర్వాత అదే మొదటిసారి, అది పెద్ద వార్త అయ్యింది అంటేనే మామూలు రోజు ఎలా ఉంటుందో అర్థం చేసుకోండి.

స్టార్ లేనివి పనికిరానివి అంటే మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. లెక్కలు, జిల్లాల వారీ పట్టికలు, ఎంత డబ్బు ఇచ్చారు ఎంత ఖర్చయింది, ఇవన్నీ దొరికేది అందులోనే.

మా వీధిలో డ్రైనేజీ పొంగుతోంది, ఎంపీ చేత పార్లమెంటులో అడిగించొచ్చా?

డ్రైనేజీ జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పని, కేంద్ర మంత్రి దానికి జవాబుదారీ కాదు కాబట్టి ఆ ప్రశ్న తీసుకోరు. కేంద్రం పరిధిలో ఉన్నదే అడగాలి. కానీ మీ సమస్యలో కేంద్రం ముక్క ఉందేమో వెతకండి. ఉదాహరణకి పోర్టు వైపు ఇళ్ళల్లో బొగ్గు దుమ్ము పడుతుందని ఎన్నాళ్ళ నుంచో అంటున్నాం కదా, పోర్టు కేంద్రానిది. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖ కూడా ఉంది, దాని కింద మన ఊరికి ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చు పెట్టారు, గాలి కొలిచే కేంద్రాలు ఎక్కడెక్కడ పెట్టారు అని అడిగితే అది పక్కా పార్లమెంటు ప్రశ్న.

స్టీల్ ప్లాంట్ గురించి ఏ రోజైనా అడగొచ్చా?

ప్రశ్నోత్తరాల్లో అయితే ఏ రోజు పడితే ఆ రోజు కుదరదు. మంత్రిత్వ శాఖలన్నిటినీ అయిదు గ్రూపులు చేసి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కో గ్రూపుకి ఒక్కో రోజు ఇస్తారు, ఆ చార్ట్ సెషన్‌కి ముందే వచ్చేస్తుంది. ఉక్కు శాఖ వంతు ఏ రోజు పడిందో చూసుకుని ఆ రోజుకి నోటీసు ఇవ్వాలి. పెట్టుబడుల ఉపసంహరణ, అంటే ప్రభుత్వం తన వాటా అమ్మడం, ఆ కోణంలో అడగాలంటే అది ఆర్థిక శాఖ కిందకి వస్తుంది, దాని రోజు వేరు. ఈ తేడా తెలియక చాలామంది వినతిపత్రాలు తప్పు శాఖ పేరు మీద రాస్తున్నారు.

రాసిచ్చే జవాబుల వల్ల నిజంగా ఏమైనా అవుతుందా?

అవుతుంది, మన ఊళ్ళోనే చూశాం. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ ఉక్కు ఫ్యాక్టరీలో వాటా నూరు శాతం అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అప్పటికింకా ఆపేస్తారులే, మాట్లాడుతున్నారులే అని అనుకునేవాళ్ళు ఉన్నారు. మార్చి 8న లోక్‌సభలో ఒక ప్రశ్నకి ఆర్థిక మంత్రి రాతపూర్వక జవాబు వచ్చింది, అమ్మకం నూరు శాతమే, ఇందులో రాష్ట్ర ప్రభుత్వానికి వాటా ఏమీ లేదు అని. ఆ జవాబు బయటికి రాగానే కూర్మన్నపాలెంలో కార్మికులు హైవే మీదకి వచ్చేశారు. ఉపన్యాసం కాదు, కొన్ని లైన్ల టైపు కాగితం.

తర్వాత 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. దాని మీద కూడా ఎంత విడుదలైంది, దేనికి వాడారు అని ప్రశ్నలు వేయిస్తూనే ఉండాలి, జవాబు రాతలో ఉంటేనే రేపు పట్టుకుని అడగగలం.

మంత్రి "పరిశీలనలో ఉంది" అంటే అక్కడితో అయిపోయినట్టేనా?

అయిపోయినట్టు కాదు. పరిశీలనలో ఉంది, వివరాలు సేకరిస్తున్నాం, సభ ముందు పెడతాం లాంటి మాటలు ఏవేవి హామీ కింద లెక్కకి వస్తాయో ఒక లిస్టే ఉంది. అలాంటి మాట అన్నారంటే ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని నోట్ చేసుకుంటుంది, మూడు నెలల్లో తీర్చాలి, తీరకపోతే శాఖ వాళ్ళు గడువు అడుక్కోవాలి, కమిటీ వాళ్ళని పిలిచి అడగొచ్చు.

రైల్వే జోన్ కథ మనకి తెలిసిందే. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్‌లో ఉన్న మాట ఏంటంటే కొత్త జోన్ పెట్టే విషయం ఆరు నెలల్లో పరిశీలించాలి అని. ఇవ్వాలి అని లేదు, పరిశీలించాలి అని ఉంది. దక్షిణ కోస్తా జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరి 27న వచ్చింది, ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. అన్నేళ్ళూ ఒక సెషన్ కాకపోతే ఇంకో సెషన్‌లో దీని మీద ప్రశ్నలు పడుతూనే ఉన్నాయి. అవి లేకపోతే ఆ ఫైలు ఎప్పుడో అడుగున పడిపోయేదని నా గట్టి నమ్మకం.

## మధ్యాహ్నం 12 నుంచి

12 కాగానే మంత్రులు ఒకరి తర్వాత ఒకరు లేచి గబగబా ఏదో చదివి కూర్చుంటారు, అదేంటి?

కాగితాలు సభ ముందు పెట్టడం. ప్రభుత్వ సంస్థల వార్షిక నివేదికలు, ఆడిట్ రిపోర్టులు, నోటిఫికేషన్లు. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది కానీ అక్కడ పెట్టిన క్షణం నుంచి అది అందరికీ అందే పత్రం. ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ రిపోర్టులు బయటికి వచ్చేది ఇలాగే.

జీరో అవర్ అని పేరెందుకు? మంత్రి జవాబు చెప్పాలా?

12 గంటలకి మొదలవుతుంది కాబట్టి ఆ పేరు పడిందంటారు, 1960ల నుంచి వాడుకలో ఉంది. రూల్స్ పుస్తకంలో ఈ పేరే ఉండదు. ముందు నోటీసు ఇవ్వాలి, లాటరీలో పేరు రావాలి, వచ్చాక ఒకటి రెండు నిమిషాల్లో విషయం చెప్పేయాలి. రాజ్యసభలో మూడు నిమిషాలు, టైమ్ అయితే మైక్ ఆగిపోతుంది. మంత్రి జవాబు చెప్పి తీరాలనేం లేదు. అందుకే "మా ఎంపీ పార్లమెంటులో గర్జించాడు" అని వీడియో వస్తే అది జీరో అవరా, చర్చా, ప్రశ్నా అన్నది చూడండి. జీరో అవర్ అయితే విషయం ఢిల్లీ చెవిన పడిందని మాత్రమే అర్థం.

రూల్ 377 అంటూ ఉంటారు, అదేంటి?

ఇంకే రూల్ కిందా పట్టని విషయాన్ని లోక్‌సభ దృష్టికి తేవడం. నియోజకవర్గం సమస్య అయినా సరే. 250 పదాలు దాటకూడదు, రోజుకి 20 మందికి అవకాశం. టైమ్ లేనప్పుడు చదవకుండానే కాగితం ఇచ్చేస్తారు, అది రికార్డులోకి వెళ్ళిపోతుంది, సంబంధిత మంత్రి నుంచి ఆ ఎంపీకి జవాబు లెటర్ వస్తుంది. ఆ లెటర్లు ఎంపీలు జనానికి చూపిస్తే ఎంత బావుంటుందో.

రోజూ గొడవ, వెల్‌లోకి (స్పీకర్ ముందున్న ఖాళీ జాగాలోకి) రావడం, వాయిదా. దీనికి విరుగుడు లేదా?

రూల్స్ అయితే ఉన్నాయి. 2001లో చేర్చిన 374ఏ ప్రకారం వెల్‌లోకి వచ్చి సభని అడ్డుకున్న వాళ్ళని స్పీకర్ పేరు పెట్టి పిలిస్తే అయిదు సిట్టింగులు లేదా సెషన్‌లో మిగిలిన రోజులు, ఏది తక్కువైతే అన్ని రోజులు సస్పెండ్. కానీ సస్పెండ్ చేస్తే ఆ ఊరి వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళే లేకుండా పోతారు కదా, అందుకని ఇది ఎప్పుడూ ఇబ్బందే.

గోల వల్ల నష్టం ఎలా ఉంటుందో 2018లో మనం చూశాం. ప్రత్యేక హోదా మీద మార్చిలో అవిశ్వాస తీర్మానం నోటీసులు ఇచ్చారు, దానికి 50 మంది మద్దతుగా లేచి నిలబడాలి, స్పీకర్ లెక్కపెట్టాలి. వేరే పార్టీల వాళ్ళు వెల్‌లో ప్లకార్డులు పట్టుకుని నిలబడితే సభ ఆర్డర్‌లో లేదు, లెక్కపెట్టలేను అని రోజుల తరబడి వాయిదాలే. చివరికి జులై 20న చర్చకి వచ్చింది, రాత్రి దాకా నడిచింది, అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325. ఓడిపోయింది, నిజమే, కానీ మన వాదన మొత్తం దేశం ముందు రికార్డులో పడింది. అది జరగడానికి నాలుగు నెలలు పట్టింది.

పార్లమెంటులో తెలుగులో మాట్లాడొచ్చా?

మాట్లాడొచ్చు. సభ భాషలు హిందీ, ఇంగ్లీషు అని 120వ అధికరణంలో ఉన్నా వాటిలో సరిగ్గా చెప్పలేని సభ్యుణ్ణి మాతృభాషలో మాట్లాడనివ్వొచ్చని కూడా అందులోనే ఉంది. ఇప్పుడు అనువాదకులు ఉంటారు, మిగతావాళ్ళు ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటారు. 2018లో రాజ్యసభలో 22 భాషలకీ ఈ ఏర్పాటు చేసింది వెంకయ్యనాయుడు గారు చైర్మన్‌గా ఉన్నప్పుడే, ఆయన లా చదివింది మన ఆంధ్రా యూనివర్సిటీలో. తెలుగు ఎంపీలు తెలుగులో ఇంకా ఎక్కువ మాట్లాడాలని నా కోరిక, మా వీధిలో అమ్మమ్మలు కూడా వింటారు అప్పుడు.

## మధ్యాహ్నం 2 తర్వాత

సాయంత్రం చూస్తే సగం సీట్లు ఖాళీ. వీళ్ళకి జీతాలు దేనికి?

కోపం రావడం సహజం. సభ నడవడానికి మొత్తం సభ్యుల్లో పదో వంతు ఉంటే చాలు, దాన్నే కోరం అంటారు, లోక్‌సభకి 55 మంది, రాజ్యసభకి 25. ఒంటి గంట నుంచి రెండు దాకా భోజనం, తర్వాత బిల్లుల మీద చర్చ, అప్పుడు ఆ సబ్జెక్టు మీద మాట్లాడేవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. మిగతావాళ్ళలో కొందరు కమిటీ మీటింగుల్లో ఉంటారు, కొందరు ఉండరు. కోరం లేదని ఎవరైనా లేచి చెప్తే గంట మోగిస్తారు, అయినా రాకపోతే సభ ఆపేయాలి.

బిల్లు అరగంటలో పాసైపోతుంది, చదవకుండానే చేయెత్తుతారా?

పద్ధతి అయితే ఇలా ఉండాలి. ముందు ప్రవేశపెట్టడం, తర్వాత మొత్తం మీద చర్చ, తర్వాత క్లాజు క్లాజుగా తీసుకుని సవరణలు, చివర్లో పాస్ చేయడం. మధ్యలో స్థాయీ సంఘానికి, అంటే శాఖల వారీగా రెండు సభల ఎంపీలతో ఉండే కమిటీకి, పంపొచ్చు. అలాంటివి 24 ఉన్నాయి, ఒక్కోదాంట్లో లోక్‌సభ వాళ్ళు 21 మంది, రాజ్యసభ వాళ్ళు 10 మంది. అసలు చదివే పని జరిగేది అక్కడే, కెమెరాలు ఉండవు కాబట్టి పార్టీ గోల కూడా తక్కువ. అయితే ప్రతి బిల్లునీ కమిటీకి పంపాలన్న నియమం లేదు. నన్నడిగితే బిల్లు మంచిదా చెడ్డదా కన్నా ముందు కమిటీకి వెళ్ళిందా లేదా అని అడగాలి.

మూజువాణి ఓటు అంటే గట్టిగా అరిచినవాళ్ళు గెలిచినట్టా?

స్పీకర్ అనుకూలం వాళ్ళు అవుననండి, వ్యతిరేకులు కాదనండి అంటారు, చెవికి ఏది ఎక్కువ అనిపిస్తే అది చెప్తారు. నచ్చని సభ్యుడు డివిజన్ అడగొచ్చు. అప్పుడు మూడున్నర నిమిషాలు గంటలు మోగుతాయి, తలుపులు మూస్తారు, ఎవరి సీట్లో వాళ్ళు బటన్ నొక్కాలి, ఎవరు ఎటు వేశారో పేరుతో సహా రికార్డవుతుంది. సభలో గందరగోళంగా ఉండి జనం సీట్లలో లేకపోతే ఇది జరగదు. డివిజన్ అనవసరంగా అడిగారని స్పీకర్ అనుకుంటే లేచి నిలబెట్టి లెక్కపెట్టించొచ్చు కూడా.

2014 ఫిబ్రవరి 18 మన తరం మర్చిపోదు. విభజన బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతో పాసైంది, టీవీ ప్రసారం ఆగిపోయింది, ఎవరు ఎటు ఓటేశారో పేర్ల పట్టిక అనేదే లేదు. మీరు విభజనకి అనుకూలమా వ్యతిరేకమా అన్నది వదిలేయండి, అంత పెద్ద నిర్ణయానికి ఒక్కొక్క ఎంపీ ఓటు రికార్డులో ఉండి తీరాల్సింది. రెండు రోజుల తర్వాత రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ అయిదేళ్ళ ప్రత్యేక హోదా అని చెప్పారు, ఆ మాట చట్టంలో రాయలేదు, దాని ఫలితం ఏంటో మనకి తెలుసు.

విప్ (ఇలా ఓటెయ్యాలని పార్టీ ఇచ్చే ఆదేశం) ఇస్తే ఎంపీ సొంత అభిప్రాయం చెప్పలేడా?

మాట్లాడొచ్చు, ఓటు మాత్రం పార్టీ చెప్పినట్టే వేయాలి. 1985లో వచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం విప్‌కి వ్యతిరేకంగా ఓటేసినా, చెప్పకుండా ఓటుకి రాకపోయినా సభ్యత్వం పోవచ్చు. పార్టీ 15 రోజుల్లో క్షమిస్తే పోదు.

రాజ్యసభ ఒప్పుకోకపోతే బిల్లు ఆగిపోతుందా?

మామూలు బిల్లు అయితే ఆగుతుంది, చివరికి రెండు సభల్నీ కలిపి కూర్చోబెట్టొచ్చు. అలా పాసైనవి ఇప్పటికి మూడే, 1961లో వరకట్నం, 1978లో బ్యాంకింగ్, 2002లో ఉగ్రవాదం మీద తెచ్చిన పోటా. ద్రవ్య బిల్లు (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల లాంటి వాటి బిల్లు) అయితే రాజ్యసభ 14 రోజుల్లో వెనక్కి పంపాలి, ఆపే అధికారం లేదు.

## సాయంత్రం, శుక్రవారం

ప్రభుత్వమే కాకుండా మామూలు ఎంపీ బిల్లు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. మంత్రి కాని ఎవరైనా ప్రైవేటు సభ్యుడే, అధికార పార్టీ ఎంపీ అయినా సరే. శుక్రవారం సాయంత్రం రెండున్నర గంటలు దానికే. ఇప్పటిదాకా చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. అయినా వృథా కాదు, విషయం చర్చకి వస్తుంది, ఒక్కోసారి తర్వాత ప్రభుత్వమే ఆ పని చేస్తుంది.

గిలటిన్ అంటే?

బడ్జెట్‌లో అన్ని శాఖల పద్దుల మీదా చర్చించే టైమ్ ఉండదు, ఆఖరి రోజు అనుకున్న టైమ్‌కి మిగిలినవన్నీ చర్చ లేకుండా కలిపి ఓటుకి పెట్టేస్తారు. లక్షల కోట్లు అలా వెళ్ళిపోతాయి, ఇది నాకు బాధగా ఉంటుంది.

సభ ఎన్నింటికి అయిపోతుంది? రాత్రి 11కి కూడా లైవ్ వస్తోంది ఒక్కోసారి.

మామూలుగా 6. సభ ఒప్పుకుంటే పొడిగిస్తారు.

"రికార్డుల నుంచి తొలగించారు" అంటే ఆ మాట ఎక్కడా ఉండదా?

సభ రికార్డులో ఉండదు, ఆ చోట తొలగించినట్టు గుర్తు ఉంటుంది. తొలగించిన మాటలు పేపర్లో వేస్తే సభా హక్కుల సమస్య అవ్వొచ్చు.

## విశాఖలో కూర్చుని ఫాలో అవ్వాలంటే

ఎక్కడ చూడాలి? పాత జవాబులు దొరుకుతాయా?

సంసద్ టీవీలో, యూట్యూబ్‌లో కూడా లైవ్ వస్తుంది, రెండు సభలకి రెండు చానెళ్ళు. ప్రశ్నలూ జవాబులూ అయితే పార్లమెంటు వెబ్‌సైట్‌లో ప్రశ్నల విభాగంలోకి వెళ్ళి ఎంపీ పేరుతోనో, శాఖతోనో, విశాఖపట్నం అన్న పదంతోనో వెతకండి. జవాబు మొదటి పేజీలో ఏమీ లేనట్టు ఉంటుంది, చివర్లో అనుబంధం అని పట్టిక ఉంటుంది, అది వదలొద్దు.

1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ పెడతామని ప్రకటించింది కూడా పార్లమెంటులోనే. అప్పుడు లోక్‌సభలో మన ఊరి ఎంపీ తెన్నేటి విశ్వనాథం గారు, బీచ్ రోడ్డులో పార్కుకి ఆయన పేరే. పాత చర్చలు కూడా డిజిటల్‌గా ఉన్నాయి, ఓపికుంటే ఆయన మాటలు వెతికి చదవండి.

ఢిల్లీ వెళ్తే లోపలికి వెళ్ళి చూడొచ్చా?

చూడొచ్చు. ఎంపీ ద్వారా పాస్ అప్లై చేయాలి, ఆధార్ లాంటి గుర్తింపు కావాలి. పదేళ్ళ లోపు పిల్లల్ని గ్యాలరీలోకి పంపరు. ఫోను, బ్యాగు, కాగితాలు ఏవీ లోపలికి రావు. 2023 డిసెంబర్ 13న గ్యాలరీ నుంచి ఇద్దరు సభలోకి దూకిన తర్వాత తనిఖీలు బాగా పెరిగాయి, రైలు టికెట్ కన్నా ముందు పాస్ సంగతి ఖాయం చేసుకోండి. ఇప్పుడు సభలు కొత్త భవనంలో జరుగుతున్నాయి, 2023 సెప్టెంబర్ 19 నుంచి. లోపల ఆకుపచ్చ కార్పెట్ ఉంటే లోక్‌సభ, ఎరుపు ఉంటే రాజ్యసభ.

మా కాలనీ సంఘం తరఫున ఎంపీ చేత ఒక ప్రశ్న వేయించాలి, ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

ప్రశ్నకి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఉండాలి, కాబట్టి సెషన్ మొదలయ్యాక పరిగెత్తితే చాలావరకు లేటే. సెషన్ తేదీలు బయటికి రాగానే ఎంపీ ఆఫీసుకి వెళ్ళండి. పెద్ద వినతిపత్రం వద్దు, ఒక పేజీ చాలు. ఏ శాఖ, ఏ పథకం, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా లెక్క కావాలి, విశాఖ జిల్లాకి విడిగా కావాలా, అంతే రాయండి. "ప్రభుత్వం ఎందుకు పట్టించుకోవడం లేదు" అని రాస్తే దానికి వచ్చే జవాబు కూడా అలాగే ఉంటుంది, "ఎంత మంజూరు చేశారు, ఎంత ఇచ్చారు, పని ఎప్పటికి అవుతుంది" అని రాస్తే అంకెలు రాయక తప్పదు. ఒక ఎంపీకి లోక్‌సభలో రోజుకి అయిదు ప్రశ్నలే, అందులో స్టార్ ఒకటే, అందుకని లోక్‌సభ ఎంపీ ఒక్కరికే కాకుండా రాష్ట్రం నుంచి ఉన్న 11 మంది రాజ్యసభ సభ్యుల్లో ఒకరికి కూడా ఇవ్వండి. ఇచ్చిన రోజు తేదీ రాసుకుని, నోటీసు పంపారా అని వారం తర్వాత ఒకసారి ఫోన్ చేయండి.